బోండానికి వినికిడి ఉంది

తాటిపాక,
5 ఆగస్టు 2024.

జ్యోతిర్మయి వదిన గారికి,

ఇక్కడ అంతా క్షేమం అని రాసి మొదలుపెట్టాలని తెలుసు. చెయ్యి రావడం లేదు, ఏమీ అనుకోకండి. ఫోను ఉండగా ఉత్తరమేమిటని మీకు అనిపిస్తుంది. ఈ ఇంట్లోంచి నేను మీకు ఫోను చేస్తే అత్తయ్య గారు స్పీకరు పెట్టమంటారు. కూతురి గొంతు వినాలని ఆవిడకీ ఉంటుంది, కాదనను. కాని ఇది స్పీకరులో చెప్పే మాట కాదు.

పాపకి వినపడటం లేదు వదిన గారూ.

నాలుగో నెల దాటుతోంది. కుక్కరు కూత వేస్తే కదలదు. మన వీధిలో కొబ్బరి లారీ హారను కొడితే పక్కింటి పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు, మన శ్రీదుర్గ తన కాలి వేళ్లతో ఆడుకుంటూ ఉంటుంది. నా మొహం కనపడితే కేరింతలు కొడుతుంది. వెనకనుంచి పిలిస్తే మాత్రం ఎవరినో పిలిచినట్టే ఊరుకుంటుంది. మొన్న దాని వెనక నిలబడి ఇత్తడి పళ్లెం మీద గరిటెతో బాదాను. పెరట్లోంచి అత్తయ్య గారు పరుగెత్తుకొచ్చారు. పాప తల తిప్పలేదు.

ఇది చెప్తే ఇంట్లో అందరిదీ ఒకటే పాట. జూన్‌లో అమలాపురం కల్యాణ మండపంలో పసిపిల్లలకి చెవుల పరీక్ష అని ఎవరో క్యాంపు పెట్టారు కదా. అక్కడ మీ కంపెనీ మిషనుతోనే పరీక్ష చేశారు. "ఇందులో ఉన్న సాఫ్ట్‌వేరు మా అమ్మాయి రాసిందేనండి" అని అత్తయ్య గారు వరసలో నిలబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నారు. ఆ మిషను రెండు చెవులకీ "వినికిడి ఉంది" అని కాగితం ఇచ్చింది. దానికి లామినేషను చేయించి దేవుడి గూట్లో పెట్టారు. రోజూ దానికీ అగరొత్తుల పొగ తగులుతోంది.

పాపని కాకినాడలో చెవుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తానంటే, "మిషను ఉందన్నాక నీకెందుకమ్మా అనుమానం? కన్నబిడ్డని చెవిటిది అనడానికి నోరెలా వచ్చిందే" అంటున్నారు. మస్కట్ నుంచి మీ తమ్ముడిదీ అదే మాట. అక్క తప్పు చెయ్యదు అంటారు. మీరు చదువుకున్నవారు, ఆ మిషను సంగతి తెలిసినవారు. మిషను కూడా పొరపాటు పడొచ్చు, మళ్లీ పరీక్ష చేయించండి అని రెండు ముక్కలు రాసి పంపండి. ఇంకేమీ అడగను. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక మిమ్మల్ని ఏదైనా అడగడం ఇదే మొదలు.

గోదావరి తగ్గింది. లంకల్లో అరటి మాత్రం పోయిందంటున్నారు.

జవాబు కోసం చూస్తూ ఉండే,
కృష్ణవేణి


హైదరాబాద్,
12 ఆగస్టు 2024.

కృష్ణవేణీ,

నీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. మా ఆఫీసులో ఉత్తరం అందుకునే మనిషిని నేనొక్కదాన్నేనట, గేటు దగ్గర వాళ్లు వింతగా చూశారు. నువ్వు కోపంగా రాశావు. నాకూ కోపం వచ్చింది. దాచుకోను.

ఈ పరీక్ష ఎలా చేస్తారో నీకు తెలిస్తే ఇలా రాసేదానివి కాదు. శబ్దం చెవిలో పడగానే నరం వెంబడి మెదడుకి సన్నటి విద్యుత్తు పోతుంది. నుదుటి మీదా చెవుల వెనకా తీగలు అతికించి దాన్నే పట్టుకుంటాం. ఎంత సన్నమంటే, టార్చిలైటు బ్యాటరీలో ఉన్న వోల్టేజిని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క కూడా ఉండదు. దాని మీద పిల్ల కండరాల కదలిక, గోడలో కరెంటు రొద, అన్నీ వచ్చి పడతాయి. రథోత్సవంలో ఎవరో చెవిలో చెప్పిన మాట పట్టుకోవడం లాంటి పని. అందుకని అదే టిక్కు శబ్దాన్ని వేలసార్లు వినిపించి, ప్రతిసారీ వచ్చినదాన్ని ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తాం. రొద ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కనక చాలామటుకు కొట్టుకుపోతుంది. చెవి ఇచ్చే జవాబు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కనక మిగులుతుంది. ఆ మిగిలిన దాని మీద ఒక వంపు గీతని సరిపెట్టి, అది ఎంత ఎత్తు లేచిందో కొలుస్తాం. ఆ గీతని సరిపెట్టే పని చేసే సాఫ్ట్‌వేరు నాది. ఏళ్ల తరబడి దాని మీద కూర్చున్నాను. రొద మరీ ఎక్కువైతే "పరీక్ష కుదరలేదు, మళ్లీ చేయండి" అని అదే చెప్తుంది. ఉంది అని ఊరికే చెప్పదు.

ఇంక కుక్కరు కూత సంగతి. రోజూ వినే మోతకి పిల్లలు కదలరు. పళ్లెం బాదితే తల తిప్పాలని నియమమేమీ లేదు. నువ్వు బాలింతవి, నిద్ర చాలదు, తమ్ముడు దగ్గర లేడు. ఇన్ని ఉన్నప్పుడు మనసు ఏవేవో అనుకుంటుంది. కాని అమ్మ మీద ఉన్న కోపం పాప చెవుల మీద చూపించకు. మా అమ్మ నీకు అత్తగారే కావచ్చు, పాపకి మాత్రం నాయనమ్మ. దాని చెడు కోరదు.

వేళకి తిను. తమ్ముడితో పోట్లాడకు, అసలే అక్కడ ఎండలు.

పాపకి మేనత్త ముద్దులు.
జ్యోతిర్మయి


తాటిపాక,
21 ఆగస్టు 2024.

వదిన గారికి,

మీ ఉత్తరం నా పేరు మీదే వచ్చింది. నేను మాత్రం అందరికంటే ఆఖరున చదివాను. పోస్టుమాను వచ్చేసరికి నేను పాపకి పాలు ఇస్తున్నాను. అత్తయ్య గారు అందుకుని, కళ్లజోడు కనపడక, మీ పాపారావు బాబాయి గార్ని పిలిచి అరుగు మీద కూచోబెట్టి చదివించారు. ఆయన గొంతు మీకు తెలుసు కదా. టార్చిలైటు బ్యాటరీ దగ్గర్నించి నా నిద్ర దాకా వీధి వీధంతా వింది. "అమ్మ మీద కోపం పాప చెవుల మీద చూపించకు" అన్న చోట ఆయన ఆగి, కళ్లజోడు తుడుచుకుని, "ఆయ్, సరిగ్గా రాసిందర్రా మన జ్యోతి" అని మళ్లీ మొదటినుంచి చదివారు.

సంతోషమేనా అండీ. ఆ సాయంత్రం మీ తమ్ముడు ఫోను చేసి, కాకినాడ పేరెత్తితే మర్యాదగా ఉండదన్నారు. అత్తయ్య గారు నాతో మాట్లాడటం మానేశారు. నేను అడిగింది రెండు ముక్కలు. మీరు పంపింది పాఠం.

మీరు అక్కడ గీతలు గీసుకుంటున్నారు. ఇక్కడ ఆ రోజు ఏం జరిగిందో కూడా వినండి. క్యాంపుకి పిల్లని పదిమందిలోకి తీసుకెళ్తున్నామని అత్తయ్య గారు తెల్లారకుండానే అంబాజీపేట గానుగ కొబ్బరినూనె తీసి, మాడు నుంచి నుదురు దాకా, చెవుల వెనకా, మెడ మీదా దట్టంగా మర్దనా చేశారు. వద్దన్నాను. "పొడి తలతో పిల్లని బయటికి తీసుకెళ్తారేటమ్మా, చూసినవాళ్లు మనకి దిక్కూ దివాణం లేదనుకుంటారు" అన్నారు. అక్కడ మిషను కుర్రాడు తీగలు అతికిస్తే జారిపోయాయి. దూదితో ఒకసారి తుడిచి, మళ్లీ జారితే పైనుంచి ప్లాస్టరు వేశాడు. పాప చేతులూ కాళ్లూ ఆడిస్తూనే ఉంది. పక్కనే పెద్ద పెడెస్టల్ ఫ్యాను. నాకు ఇచ్చిన టీ చల్లారకముందే కాగితం చేతిలో పెట్టి, "తర్వాత ఎవరమ్మా" అన్నాడు. ఇదీ మీ వేలసార్లు వినిపించడం.

మీ అమ్మగారి మీద చాడీలు చెప్తున్నానని మళ్లీ రాస్తారేమో. రాసుకోండి. ఈసారి మాత్రం ఈ ఇంటికి కాదు. తాటిపాక సెంటర్లో ప్రసన్నకుమారి టైలరింగ్ షాపు అని రాస్తే నాకు అందుతుంది. ఆవిడ నా చేత జాకెట్లకి హుక్కులు కుట్టిస్తుంది, నోరు జారే మనిషి కాదు.

కోపం తగ్గని,
కృష్ణవేణి


హైదరాబాద్,
28 ఆగస్టు 2024.

కృష్ణవేణీ,

ఉత్తరం అరుగు మీద చదివించారని తెలిసి సిగ్గేసింది. బాబాయికి ఫోను చేసి చెడామడా అనేశాను.

కాని నీ మీదా కోపంగానే ఉంది. నూనె సంగతి మొదటి ఉత్తరంలో ఎందుకు రాయలేదు? పళ్లాలూ గరిటెలూ లారీలూ అన్నీ రాసి, అసలుది వదిలేశావు. నూనె ఉన్న చర్మానికి ఆ తీగలు అంటుకోవు. అంటుకోకపోతే లోపలి సన్నటి విద్యుత్తు తీగలోకి రాదు, బయటి రొద మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. తల్లివి, పక్కనే ఉన్నావు. నూనె తుడిచి, సబ్బుతో కడిగి మళ్లీ పెట్టు బాబూ అని ఆ కుర్రాడికి చెప్పలేకపోయావా? అమ్మని కూడా అడిగాను, పరీక్షకి తీసుకెళ్లే పిల్లకి అంత నూనె ఎందుకు పూశావని. ఫోను పెట్టేసింది.

నాకు అర్థం కానిది ఇంకొకటి ఉంది. అంత నూనె మీద, అంత ఫ్యాను పక్కన, పిల్ల మెలకువగా ఉండగా చేస్తే మా సాఫ్ట్‌వేరు "కుదరలేదు" అనాలి. ఉంది అని ఎలా చెప్పింది? నువ్వు చెప్పినట్టు జరిగి ఉండదని నాకు అనిపిస్తోంది. టీ చల్లారేలోపల పూర్తవడం కూడా నమ్మశక్యంగా లేదు. కాగితం మీద కింద ఎడమ మూల ఒక నంబరు ఉంటుంది. అది పంపితే ఆ రోజు రికార్డు తీసి చూస్తాను. రికార్డు చూడకుండా నేను ఎవరికీ ఏమీ రాసి ఇవ్వలేను. అది నా ఉద్యోగానికి సంబంధించిన విషయం, అర్థం చేసుకో.

జ్యోతిర్మయి


తాటిపాక,
4 సెప్టెంబరు 2024.

వదిన గారికి,

మీకు దణ్ణం. అర్థం చేసుకున్నాను. బాగా అర్థం చేసుకున్నాను.

నూనె పూసింది మీ అమ్మగారు. తీగలు జారినా ప్లాస్టరు వేసింది మీ మిషను కుర్రాడు. ఉంది అని అచ్చువేసింది మీ సాఫ్ట్‌వేరు. తప్పు మాత్రం పక్కన నిలబడ్డ తల్లిది. నేను తీగల సంగతి చదువుకున్నానా అండీ? నూనె ఉంటే ఏమవుతుందో నాకెవరు చెప్పారు? మీకు తెలుసు కదా, ఆ మిషను మీద నూనె తలలకి పెట్టకూడదని తెలుగులో ఒక్క ముక్క రాయించలేకపోయారా?

మీరు ఫోను చేశాక అత్తయ్య గారు ఏం చేశారో చెప్తాను. నేనే ఉత్తరాల్లో ఆవిడ మీద మీకు ఎక్కించానని అనుకుని రెండు పూటలా అన్నం మానేశారు. "నూనె రాసి పెంచిన నా పిల్లలిద్దరూ చెవిటివాళ్లయ్యేరా? దాని చేత నన్ను అడిగిస్తావా?" అని గుమ్మంలో కూచుని ఏడ్చారు. బతిమాలి బతిమాలి చారు తాగించాను. ఇంత చేసినా ఆవిడ మీద నాకు జాలి వేసింది, మీ మీద వెయ్యలేదు. ఆవిడ పాప తల నిమరకుండా నిద్రపోరు. మీరు పాపని ఇంతవరకూ చూడనేలేదు.

నేను చెప్పినట్టు జరిగి ఉండదని రాశారు. నా కళ్లతో చూసింది అబద్ధం, మీ మిషను అచ్చువేసింది నిజం. ఒక మాట చెప్పనా? మీ మిషను తీగలు తీసుకెళ్లి కొబ్బరి బోండానికి తగిలించండి. దానికీ వినపడుతుందనే చెప్తుంది. పందెం.

నంబరు వేరే చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. దేవుడి గూట్లోంచి కాగితం తీసేటప్పుడు అత్తయ్య గారు చూసి పక్కకి తప్పుకున్నారు. రికార్డే చూస్తారో, బోండమే చూస్తారో, త్వరగా చూడండి. పిల్లకి మాటలు వినే వయసు ఇదేనని, ఇప్పుడు విననిది తర్వాత పలకలేదని టీవీలో ఒక డాక్టరమ్మ చెప్పింది. మనం పోట్లాడుకుంటున్న రోజులన్నీ దాని రోజులే.

కృష్ణవేణి


హైదరాబాద్,
15 సెప్టెంబరు 2024.

కృష్ణవేణీ,

నువ్వు పందెం గెలిచావు.

పాప రికార్డు తెరిచాను. అందులో పాప లేదు. కరెంటు రొద ఉంది, ఫ్యాను రొద ఉంది, కాళ్లూ చేతులూ ఆడించినప్పటి కదలిక ఉంది. ఆ గందరగోళం మీద నా గీత వెళ్లి కూర్చుంది. ఎక్కడో చిన్న గుట్టలాంటిది కనపడితే, అదే చెవి ఇచ్చిన జవాబని ఎత్తు కొలిచి పెట్టింది. వేలసార్లు వినిపించాల్సిన టిక్కుని కొన్ని వందలకే ఆపేశారు. నువ్వు రాసిన టీ నిజం.

నాకు నమ్మబుద్ధి కాలేదు. నీ మాట మీద పంతం కూడా వచ్చింది. ఆఫీసు కింద బండి దగ్గర ఒక బోండం కొన్నాను. అంబాజీపేట లారీలో దిగిందేనని బండివాడు ఒట్టు వేశాడు. పైకి తీసుకెళ్లి దాని నిండా నూనె రాసి, తీగలు అతికించి, రెండు పక్కలా టిక్కు వినిపించే చెవి గొట్టాలు ప్లాస్టరుతో బిగించాను. క్యాంపుల్లో వాడే మిషనే తెప్పించాను. పేరు దగ్గర బోండం అనీ, తల్లి పేరు దగ్గర జ్యోతిర్మయి అనీ కొట్టి, మీట నొక్కాను. కుడి చెవి, వినికిడి ఉంది. ఎడమ చెవి, వినికిడి ఉంది. పక్క సీట్ల వాళ్లు పగలబడి నవ్వారు. నేను ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఎందుకలా అయిందో తవ్వితే తేలింది. రొద ఎక్కువైతే ఆగిపోవాలని నేను పెట్టిన షరతుని ఎవరో క్యాంపు మిషన్లలో తీయించారు. "కుదరలేదు" అని కాగితం వస్తే తల్లులు గొడవ చేస్తున్నారట, వరస కదలడం లేదట, క్యాంపు పెట్టినవాళ్లు మిషను వెనక్కి పంపేస్తామన్నారట. అందుకని ఆ మాట రాకుండా చేసేశారు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. గీతకి తెలిసింది సరిపడటం ఒక్కటే. ఆపేవాళ్లు లేకపోతే దేనికైనా సరిపడుతుంది. మా మేనేజరు గది తలుపు తీసి నిలబడి నేను అరిచిన అరుపులు కింద బండివాడికి కూడా వినపడి ఉంటాయి. ఆయన మాత్రం "క్యాంపు అంటే పైపైన చూడటమే కదండీ" అన్నాడు. ఆ బోండాన్ని ఆయన టేబులు మీదే వదిలేసి వచ్చాను.

ఇప్పుడు నువ్వు అడిగింది రాస్తున్నాను, ఈసారి అరుగు మీదే చదివించు. అమ్మా, తమ్ముడూ సతీష్, బాబాయ్, ఆ కాగితం చెల్లదు. పాపకి వినపడుతుందని అది చెప్పలేదు. వినపడదనీ చెప్పలేదు. తెలియదు అని రాయాల్సిన చోట ఉంది అని రాసింది. కృష్ణవేణి చెప్పిందే నిజం. పాపకి కుంకుడుకాయలతో తలంటి, చుక్క నూనె లేకుండా ఆరబెట్టి, వెంటనే కాకినాడ తీసుకెళ్లండి. బోండం కాగితం ఇందులో పెట్టాను. దానికి కూడా లామినేషను చేయించండి.

జ్యోతిర్మయి


తాటిపాక,
1 అక్టోబరు 2024.

వదిన గారికి,

అరుగు మీదే చదివించాను. పాపారావు గారినే పిలిచాను. మొదట హుషారుగా ఎత్తుకున్నారు. బోండం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. ఆఖరుకి వచ్చేసరికి అసలు వినపడలేదు, నేనే లాక్కుని చదివాను.

అత్తయ్య గారు ఆ బోండం కాగితం చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చూశారు. "బోండానికి చెవులేటర్రా" అన్నారు. తర్వాత లేచి కుంకుడుకాయలు కొట్టడం మొదలుపెట్టారు. రాతి మీద ఒక్కో కాయనీ ఎంత కసిగా కొట్టారంటే నేను దగ్గరికి వెళ్లలేదు. తలంటు కూడా ఆవిడే పోశారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. దారి పొడుగునా పాప ఆవిడ ఒళ్లోనే ఉంది. ఒకసారి మాత్రం, "నేను ఆ నూనె రాయకుండా ఉంటే నిజం అప్పుడే తెలిసేదా?" అని అడిగారు. నేను పాప మొహాన పడుతున్న ఎండకి కొంగు అడ్డం పెట్టాను.

కాకినాడ డాక్టరు గారు పాపని నిద్రపుచ్చి, తీగలు అంటుకున్నాయో లేదో చూసుకుని మరీ పరీక్ష చేశారు. నాకు ఇచ్చిన టీ చల్లారిపోయి, మీగడ కట్టి, ఆ పైన కూడా చాలాసేపు పట్టింది. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయన్నారు. పుట్టుకతోనే అట. పెద్ద శబ్దాలు లీలగా తెలుస్తాయట, మాటలు తెలియవట. చెవి మిషన్లు పెట్టి చూద్దాం, చాలకపోతే ఆపరేషను సంగతి ఆలోచిద్దాం అన్నారు. "జూన్‌లోనే పరీక్ష చేయించారంటున్నారు, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా" అని అడిగారు. నేను లామినేషను కాగితం ఆయన టేబులు మీద పెట్టాను. ఆయన చదివి, తిప్పి చూసి, నాకే ఇచ్చేశారు.

మీ తమ్ముడు ఫోనులో ఏడ్చారు. ఏడవనిచ్చాను.

నేను చెప్పిందే నిజమని రాశారు, చాలా థాంక్సండీ. నేను చెప్పింది అబద్ధం కావాలని నేను ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో మీకు తెలియదు. పందెం గెలిచానని రాయడానికి మీకు మనసెలా ఒప్పిందో.

కృష్ణవేణి


హైదరాబాద్,
16 అక్టోబరు 2024.

కృష్ణవేణీ,

ఆ మాట రాయకుండా ఉండాల్సింది. పోస్టులో వేశాక గుర్తొచ్చి డబ్బా దగ్గరికి తిరిగి వెళ్లాను, అప్పటికే సంచీ తీసుకుపోయారు.

ఇక్కడ నెలరోజులుగా యుద్ధమే. ఎవరిని పడితే వాళ్లని అరుస్తున్నాను. లిఫ్టులో నాతో ఎక్కడం మానేశారు. ఒకటి మాత్రం సాధించాను. క్యాంపు మిషన్లన్నిటిలోనూ ఆ షరతు మళ్లీ పెట్టించాను. ఇక దాన్ని నాకు తెలియకుండా ఎవరూ తీయలేని విధంగా రాశాను. నూనె ఉంటే కడగండి అని తెర మీద తెలుగులో పెద్ద అక్షరాలతో వస్తుంది, అది నీ మాటే. ఇక ముందు ఏ పిల్లకీ ఇలా జరగదు. రాసి ఇస్తాను కావాలంటే.

ఈ విషయం బయట మాట్లాడనని సంతకం పెట్టమని కంపెనీ వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. ఇంకా పెట్టలేదు. పెడితే ఉద్యోగం ఉంటుంది, ఆ షరతుకి కాపలా కూడా ఉంటుంది. పెట్టకపోతే రెండూ ఉండవు. ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఇలాంటివి నేను అడగదగ్గ మనిషివి నువ్వే అయ్యావు, చూశావా.

పాపకి మిషన్లు పెట్టారా? ఎలా ఉంది? నీ కోపం కాస్త చల్లారితే రాయి. అప్పుడు వచ్చి పాపని చూస్తాను. ఇప్పుడొచ్చి నీ మొహం ఎలా చూడాలో తెలియడం లేదు.

జ్యోతిర్మయి


తాటిపాక,
4 నవంబరు 2024.

వదిన గారికి,

పాపకి చెవి మిషన్లు పెట్టారు. పెట్టి ఇంటికి తెచ్చిన రోజు, పాలు పట్టడానికి వేళయిందా కాలేదా అని అత్తయ్య గారికీ నాకూ మాటా మాటా వచ్చింది. పాప కళ్లు పెద్దవి చేసి ఆవిడ కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసి గుక్కపట్టి ఏడ్చింది. మా గొంతులు అది మొదటిసారి వినడం పోట్లాటలోనే అయింది. ఇద్దరం నోరు మూసుకున్నాం. తర్వాత అత్తయ్య గారు చిన్న గొంతుతో "దుర్గమ్మా" అన్నారు. అది ఏడుపు ఆపింది. దీపావళికి టపాకాయల మోత ఎక్కువైతే మిషన్లు తీసి డబ్బాలో పెట్టాం.

కోపం చల్లారితే రాయమన్నారు. చల్లారలేదు. చల్లారేదాకా ఆగితే ఈ ఉత్తరం రాయను. ఇక ముందు ఏ పిల్లకీ జరగదని రాశారు. ఇక ముందు సంగతి సరే, జరిగిపోయిన వాళ్ల మాటేమిటండీ? ఆ రోజు కల్యాణ మండపం నిండా పిల్లలే. ఒక్క పొడి తల లేదు. ఏ నాయనమ్మ, ఏ అమ్మమ్మ పిల్లని పదిమందిలోకి నూనె రాయకుండా తెస్తుంది? మా అత్తయ్య గారికి తెలిసిన మర్యాదే వాళ్లకీ తెలుసు. మీరు గది తలుపులు వేసుకుని పొడి తలల మీద చేసుకున్న మిషను, ఇక్కడ నూనె తలల మీద పెట్టారు. అందరికీ ఉంది, ఉంది, ఉంది అని కాగితాలు ఇచ్చింది. అందులో ఎవరికి నిజంగా ఉందో, ఎవరికి లేదో మీకు తెలియదు, నాకు తెలియదు. ఆ తల్లులకి అసలు అనుమానమే లేదు.

అందుకని నేనూ అత్తయ్య గారూ తిరుగుతున్నాం. ఆశా వర్కరు గారిని బతిమాలితే, ఆ రోజు ఎవరెవరు వెళ్లారో ఆవిడకి గుర్తున్నంత వరకూ చెప్పింది. అత్తయ్య గారి సంచీలో మీ బోండం కాగితం, మన పాప కాగితం, కుంకుడుకాయలు. ఆవిడ నోరు మీకు తెలిసిందే కదా, ఇప్పుడు అది పనికొస్తోంది. కొందరు విన్నారు. కాకినాడ వెళ్లి వస్తామన్నారు. కొందరు మమ్మల్ని ఏదో అమ్మడానికి వచ్చిన వాళ్లమనుకున్నారు.

మొన్న రాజోలు దాటాక ఒక ఇంటికి వెళ్లాం. మన పాప ఈడు పిల్ల ఉంది, హాల్లో చాప మీద బోర్లా పడుకుని ఉంది. వాళ్ల నాయనమ్మ గారు చాలా మర్యాదగా మజ్జిగ ఇచ్చారు. విషయం చెప్పగానే మొహం మారిపోయింది. "మిషను ఉందన్నాక మీకెందుకండి అనుమానం? మా పిల్లని చెవిటిది అనడానికి వచ్చేరా?" అన్నారు. ఆ మాట మా ఇంట్లో విన్నదే కనక అత్తయ్య గారు తల దించుకున్నారు. "ఆ మిషను సాఫ్ట్‌వేరు మా అమ్మాయే రాసిందమ్మా. తప్పని అదే చెప్పిందండి, ఆయ్, అదే రాసి పంపింది" అన్నారు. "అయితే ఆవిణ్ణే వచ్చి చెప్పమనండి. మీరు దయచెయ్యండి" అన్నారావిడ.

ఆవిడ అడిగింది న్యాయం వదిన గారూ. సంతకం పెట్టాలా వద్దా అని నన్ను అడిగారు కదా. నేను చెప్పను. మీరు ఆ గుమ్మంలో నిలబడి నోరు విప్పాలి, అంతే. ఆ పని ఏ కాగితం మీద సంతకం పెడితే కుదురుతుందో, ఏది పెట్టకపోతే కుదురుతుందో మీరే చూసుకోండి. నా మొహం ఎలా చూడాలో అని ఆగకండి. నా మొహం చూడక్కర్లేదు, బస్సు దిగి నేరుగా రాజోలు రండి, అక్కడికే వస్తాం. ఇంక ఉత్తరాలు రాయకండి, నేనూ రాయను.

ఆ రోజు మేం ఆ రాజోలు ఇంటి గడప దిగగానే ఆవిడ తలుపు దభాలున వేసింది. వీధిలో పడుకున్న కుక్క కూడా లేచి దూరంగా పోయింది. నేను కిటికీలోంచి చూశాను. ఆ పిల్ల ఉలిక్కిపడలేదు.

కృష్ణవేణి